ఆ నీటిని ఆయన పారబోయలేదు



ఈ నెల మన పేజీలో మీకు పరిచయం చేస్తున్న వ్యక్తి హైన్‌రిష్ క్వింకే. జర్మనీకి చెందిన డాక్టరు. ఆయన చనిపోయి వందేళ్లు దాటింది. మన ఇళ్లలో ఈ పేరు పెద్దగా వినపడదు కానీ, వైద్యం చదివినవాళ్లలో ఈ పేరు తెలియనివారు అరుదు. సిజేరియన్ ఆపరేషన్‌కు వెన్నులో మత్తుమందు ఇస్తారు కదా, అందుకు వాడే సూదుల్లో ఒక రకాన్ని ఇప్పటికీ క్వింకే సూది అనే పిలుస్తారు. కాబట్టి మీలో కొందరికి ఆయన పేరు తెలియకపోయినా ఆయన చూపిన దారి తెలుసు.

ఈ నెలకు ఆయన్నే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది పాఠానికి సంబంధించినది. మెదడు ఒక నీటి సంచి లాంటి దానిలో ఉంటుందని, తలకు కుదుపులు తగిలినా ఆ నీరు మెదడును కాపాడుతుందని పిల్లలు సైన్స్‌లో చదువుతారు. పరీక్షకు ఆ ఒక్క వాక్యం చాలు. క్వింకే మాత్రం తన జీవితంలో ఎక్కువ కాలం ఆ వాక్యం తర్వాత ఏముందో వెతికారు.

రెండో కారణం మన భయానికి సంబంధించినది. పిల్లలకు తీవ్రమైన జ్వరంతో ఫిట్స్ వచ్చినప్పుడు, మనిషి మగతలోకి జారిపోతున్నప్పుడు, వెన్నులోంచి కొంచెం నీరు తీసి పరీక్ష చేయాలని డాక్టర్లు అడుగుతారు. ఆ మాట వినగానే ఇంట్లో అందరికీ గుండె జారిపోతుంది. ఫోన్లో బంధువులు వద్దంటారు. కాళ్లు పడిపోతాయని ఒకరు, జీవితాంతం నడుంనొప్పి వస్తుందని ఇంకొకరు చెబుతారు. ఇలా తేల్చుకోలేకపోయిన ప్రతి గంటా వైద్యానికి నష్టమే. ఆ గంట మనకు రాకూడదనే కోరుకుందాం. ఒకవేళ వస్తే, ఈ పరీక్ష ఎందుకు పుట్టిందో ముందే తెలిసి ఉండటం మంచిది.

డాక్టరు ఇంట్లో పుట్టిన అబ్బాయి

క్వింకే 1842 ఆగస్టు 26న ఓడర్ నది ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టారు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ పేరుతో రెండు ఊళ్లున్నాయి. ఇది తూర్పున ఉన్న చిన్నది. తండ్రి డాక్టరు. అన్న గియోర్గ్ భౌతికశాస్త్రం వైపు వెళ్లి పేరున్న శాస్త్రవేత్త అయ్యారు. తమ్ముడు తండ్రి దారి పట్టారు. బెర్లిన్, వుర్జ్‌బర్గ్, హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయాల్లో చదివి 1863లో డాక్టరు పట్టా తీసుకున్నారు. అప్పటికి ఆయనకు 21 ఏళ్లు. రోగాన్ని కణాల స్థాయిలో చూడాలని వైద్యలోకానికి నేర్పిన విర్ఖో ఆయన గురువుల్లో ఒకరు. కొలత లేనిదే శాస్త్రం లేదన్న పట్టుదల గల హెల్మ్‌హోల్ట్జ్ మరొకరు. కణాన్ని చూడటం, దేన్నయినా కొలవడం అనే ఈ రెండు అలవాట్లూ క్వింకే చేసిన ప్రతి పనిలోనూ కనిపిస్తాయి.

చిన్న చిన్న గుర్తులను శ్రద్ధగా గమనించడం ఆయన పద్ధతి. గుండెలోని ఒక కవాటం సరిగా మూసుకోనివారి గోళ్ల కింద రంగు నాడితో పాటు ఎర్రబడుతూ పాలిపోతూ ఉంటుందని 1868లో రాశారు. ఖరీదైన పరికరమేమీ లేకుండా, చేతిగోరును చూసి గుండె సంగతి చెప్పడమన్నమాట. పెదాలు, కనురెప్పలు ఉన్నట్టుండి వాచిపోయే జబ్బును 1882లో వివరంగా వర్ణించారు. చాలా దేశాల్లో దాన్ని ఇప్పటికీ క్వింకే వాపు అంటారు.

ఇంగిలీకం చెప్పిన సంగతి

ఆయన బెర్లిన్‌లో పనిచేసే రోజుల్లో, మెదడు చుట్టూ నీరుందని డాక్టర్లకు తెలుసు. వెన్నుపాము చుట్టూ నీరుందనీ తెలుసు. ఆ నీరు కదులుతుందా, పైనున్న నీరూ కిందున్న నీరూ ఒకటేనా అన్నది తేల్చిచెప్పడం కష్టంగా ఉండేది.

క్వింకే కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. ఇంగిలీకం మనకు తెలిసిందే, ఎర్రటి పాదరసపు పొడి. దాన్ని ఆ నీరుండే చోటికి సూదితో ఎక్కించి, కొంతకాలం తర్వాత ఆ ఎర్రదనం ఎక్కడెక్కడికి చేరిందో చూశారు. కింద వేసిన రంగు పైన కనిపించింది, పైన వేసింది కింద కనిపించింది. అంటే మెదడు దగ్గరి నీరూ నడుము దగ్గరి నీరూ వేరు కావు. 1872లో ఈ సంగతి ప్రచురించారు. మూగజీవాల మీద ఇలాంటి ప్రయోగాలు చేయడానికి ఇప్పుడు కఠినమైన నియమాలున్నాయి. అప్పట్లో లేవు.

ఈ ఫలితానికి అప్పటికప్పుడు పెద్ద ఉపయోగమేమీ కనపడలేదు. క్వింకే మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌కు ప్రొఫెసర్‌గా వెళ్లారు. 1878లో జర్మనీ ఉత్తర తీరంలోని కీల్ నగరానికి వచ్చి, అక్కడే 30 ఏళ్లు పనిచేశారు. ఆ ఎర్ర రంగు ప్రయోగం ఒక పసివాడికి పనికి రావడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది.

కీల్ ఆసుపత్రిలో ఒక పసివాడు

ఆ రోజుల్లో తలలో నీరు పెరిగి ఒత్తిడి ఎక్కువైన పిల్లలకు చేయగలిగింది చాలా తక్కువ. తలకే రంధ్రం చేసి నీరు తీసే ప్రయత్నాలు జరిగేవి. ప్రమాదం ఎక్కువ, ఫలితం తక్కువ. క్వింకే తన పాత ప్రయోగాన్ని గుర్తుపెట్టుకున్నారు. పైనా కిందా ఒకే నీరయినప్పుడు, తలను ముట్టుకోకుండా నడుము దగ్గర తీస్తే సరిపోతుంది కదా అని ఆలోచించారు.

మరి వెన్నుపాముకు సూది తగిలితే? మనందరి భయం అదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. వెన్నుపాము మన వెన్నెముక చివరిదాకా ఉండదు. పెద్దవాళ్లలో నడుము మొదలయ్యే చోట, అంటే మొదటి లేదా రెండో నడుం పూస దగ్గరే ఆగిపోతుంది. పసిపిల్లల్లో ఇంకాస్త కిందికి ఉంటుంది. దాని కింద సన్నని నరాల పోగులు మాత్రం నీటిలో తేలుతూ ఉంటాయి. సూది అక్కడికి వెళ్లినప్పుడు ఆ పోగులు సాధారణంగా పక్కకు జరుగుతాయి. క్వింకే ఎంచుకున్నది ఆ చోటే. నేడు కూడా మూడు, నాలుగు పూసల మధ్యో, నాలుగు, ఐదు పూసల మధ్యో గుచ్చుతారు. రోగిని పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిచి పడుకోబెట్టడం కూడా ఆయన వాడిన పద్ధతే. అలా ముడుచుకుంటే పూసల మధ్య సందు తెరుచుకుంటుంది.

ఆయన సూది గుచ్చిన తొలి రోగుల్లో 21 నెలల బాబు ఒకడు. ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చి స్పృహ తప్పాడు. క్వింకే కొద్ది రోజుల తేడాతో మూడుసార్లు, ప్రతిసారీ కొన్ని మిల్లీలీటర్ల నీరు మాత్రమే తీశారు. బాబు కోలుకున్నాడు. 1891లో వీస్‌బాడెన్ నగరంలో జరిగిన వైద్యుల సభలో క్వింకే తన అనుభవాలను వివరించారు. అప్పటి నుంచి ఆ పద్ధతికి లంబర్ పంక్చర్ అన్న పేరు నిలిచింది.

ఈ ఆలోచన వచ్చింది ఆయనకొక్కరికే కాదు. లండన్‌లో ఎసెక్స్ వింటర్ అనే డాక్టరు దాదాపు అదే సమయంలో, క్షయ వల్ల మెదడు పొరలు వాచిన నలుగురికి నడుము దగ్గర చిన్న కోత పెట్టి గొట్టంతో నీరు తీశారు. ఆ నలుగురూ బతకలేదు. తనకంటే ముందు వింటర్ ఈ ప్రయత్నం చేశారని క్వింకే ఒప్పుకున్నారు. ఒకే సంవత్సరంలో ఇద్దరు ఒకే పని చేస్తే ఎవరు ముందన్న గొడవలు శాస్త్రంలో మామూలే. ఇక్కడ ఆ గొడవ లేదు. పిల్లలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి.

తీసిన నీటిలో ఏముంది?

క్వింకే మొదట నీరు తీసింది ఒత్తిడి తగ్గించడానికి. అంటే అది చికిత్స. పని అయిపోయాక ఆ నీటిని పారబోసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన పారబోయలేదు. సూదికి సన్నని గొట్టం తగిలించి నీరు ఎంత ఎత్తుకు ఎక్కుతుందో కొలిచారు. మాంసకృత్తులు ఎంత ఉన్నాయో చూశారు. మైక్రోస్కోపు కింద పెట్టి కణాల కోసం, క్షయ క్రిముల కోసం వెతికారు. నీరు తీయడం చికిత్సగా కంటే పరీక్షగానే ఎక్కువ పనికొస్తుందని క్రమంగా వైద్యలోకానికి అర్థమైంది. పుర్రె తెరవకుండా మెదడు సంగతి తెలుసుకోవడానికి అదొక కిటికీ.

ఆ కిటికీలోంచి కనిపించేది ఏమిటో అర్థం కావాలంటే రెండు అంకెలు చూడండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల రక్తంలో ఒక మైక్రోలీటరుకు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతుకు, 4,000 నుంచి 11,000 తెల్ల కణాలుంటాయి. వెన్ను నీటిలో అదే కొలతకు 5 కూడా ఉండవు. తెల్ల కణాలంటే మన శరీరపు రక్షణ బలగం. వేసవి సెలవుల్లో మన స్కూలును ఊహించుకోండి. ఒకరిద్దరు వాచ్‌మన్‌లు తప్ప ఎవరూ ఉండరు. ఒక పొద్దున గేటు ముందు వందమంది కనిపిస్తే లోపల ఏదో జరిగిందని దారిన పోయేవారికి కూడా తెలుస్తుంది. వచ్చినవాళ్లు పోలీసులా, ఫైరింజన్ వాళ్లా అని చూస్తే ఏం జరిగిందో కూడా కొంత చెప్పొచ్చు.

వెన్ను నీటిలోనూ అంతే. బాక్టీరియా వల్ల మెదడు పొరలు వాస్తే న్యూట్రోఫిల్స్ అనే కణాలు వందల్లో, వేలల్లో వచ్చి చేరతాయి. నీటిలో చక్కెర పడిపోతుంది. వైరస్ వల్ల అయినా, క్షయ వల్ల అయినా ఎక్కువగా లింఫోసైట్లు కనిపిస్తాయి. ఈ రెండింటికీ మందులు పూర్తిగా వేరు. బయటికి మాత్రం అన్నిటికీ అదే జ్వరం, అదే తలనొప్పి, అదే మగత.

టైఫాయిడ్ పరీక్ష డాక్టరు

కణాలను లెక్కపెట్టి జబ్బును చెప్పే ఈ విద్యను ఒక పద్ధతిగా మార్చింది పారిస్ డాక్టర్లు. వారిలో ముందున్నవారి పేరు మీ ఇంట్లో ఏదో ఒక ల్యాబ్ రిపోర్టు మీద ఉండే ఉంటుంది. టైఫాయిడ్ అనుమానం వస్తే మన దగ్గర రాసే వైడాల్ టెస్టు ఆయన పేరు మీదే వచ్చింది. ఫెర్నాండ్ వైడాల్ ఆ పరీక్షను 1896లో ప్రకటించారు. కొద్ది ఏళ్లకే సికార్, రవో అనే సహచరులతో కలిసి వెన్ను నీటిని యంత్రంలో వేగంగా తిప్పి, అడుగున చేరిన కణాలకు రంగు వేసి, ఏ రకం కణాలు ఎన్ని ఉన్నాయో చూడటం మొదలుపెట్టారు. క్వింకే సూది లేకపోతే వారికి చూడటానికి నీరే లేదు.

అదే సూది దారిలో ఇంకొకరు నడిచారు. కీల్‌లోనే పనిచేసే ఆగస్ట్ బియర్ అనే సర్జన్ 1898లో ఆ దారిన నీరు తీయడానికి బదులు మందు ఎక్కించి చూశారు. నడుము నుంచి కిందికి మొద్దుబారింది. తన మీద, తన అసిస్టెంటు మీద కూడా ప్రయోగం చేయించుకున్నారు. అసిస్టెంటు కాలి ఎముక మీద సుత్తితో కొట్టినా నొప్పి తెలియలేదట. తర్వాత ఇద్దరికీ తీవ్రమైన తలనొప్పి పట్టుకుంది. సూది చేసిన రంధ్రంలోంచి నీరు కారుతూ ఉంటే లేచి కూర్చున్నప్పుడు తలనొప్పి వస్తుందని ఇప్పుడు మనకు తెలుసు. సూదులు సన్నబడ్డాక అది బాగా తగ్గింది. సిజేరియన్ అయిన అమ్మల్లో కొందరికి ఈ తలనొప్పి అనుభవమే.

తల్లిదండ్రుల అనుమానాలకూ చరిత్ర ఉంది. 1896లో బోస్టన్‌లో వెంట్‌వర్త్ అనే పిల్లల డాక్టరు ఈ పద్ధతి ప్రమాదం లేనిదని చూపించడానికి పిల్లల మీద ప్రయోగాలు చేసి ప్రచురించారు. వాటిలో కొన్ని ఆ పిల్లల వైద్యానికి అవసరమై చేసినవి కావు. పెద్ద దుమారం రేగింది. పద్ధతి మంచిదే కావచ్చు, కానీ మన బిడ్డకు ఎందుకు చేస్తున్నారో అడిగే హక్కు మనకుంది. నేడు ఆసుపత్రులు ముందుగా సంతకం అడగడం వెనుక ఇలాంటి సంగతులెన్నో ఉన్నాయి.

ఇప్పుడు ల్యాబ్‌లో ఏం చూస్తున్నారు?

క్వింకే 1908లో కీల్‌లో పదవీ విరమణ చేసి, మైన్ నది ఒడ్డున ఉన్న రెండో ఫ్రాంక్‌ఫర్ట్‌కు వెళ్లారు. 1922 మే నెలలో అక్కడే కన్నుమూశారు. ఆయన తెరిచిన కిటికీ మాత్రం తర్వాత ఇంకా పెద్దదైంది.

1940ల్లో అమెరికాలో ఎల్విన్ కాబట్ అనే శాస్త్రవేత్త, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బున్నవారి వెన్ను నీటిలో యాంటీబాడీల పాలు పెరిగి ఉందని చూపించారు. శత్రువుతో పోరాడాల్సిన బలగం ఆ జబ్బులో సొంత నరాల పై పొర మీదే దాడి చేస్తుంది. ఇప్పుడు లేజర్ వెలుగులో ఒక్కో కణాన్నీ విడిగా గుర్తించే యంత్రాలున్నాయి. ఒక్క కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివే పద్ధతులూ వచ్చాయి. మైక్రోలీటరుకు 5 కూడా లేని ఆ కొద్ది కణాల్లో ఎక్కువ భాగం టీ కణాలని, అవి మెదడును కాపలా కాస్తుంటాయని తెలిసింది. ఈ కణాలు సూది బయటికి వచ్చాక ఎక్కువసేపు నిలవవు. అందుకే శాంపిల్‌ను వెంటనే ల్యాబ్‌కు పరుగున తీసుకెళ్తారు.

మనకు దగ్గరి ఉదాహరణలు రెండు. దోమల ద్వారా వచ్చే జపనీస్ మెదడువాపు వ్యాధి మన రెండు రాష్ట్రాలకూ కొత్త కాదు. దాన్ని నిర్ధారించడానికి వెన్ను నీటిలో ఆ వైరస్‌కు ఎదురుగా తయారైన యాంటీబాడీల కోసం చూస్తారు. రెండోది 2007లో అమెరికాలో జోసెప్ డాల్మావ్ బృందం వివరించిన జబ్బు. అప్పటిదాకా బాగానే ఉన్న అమ్మాయి, ఎక్కువగా యుక్తవయసులో ఉన్న పిల్ల, కొద్ది రోజుల్లో తెలియని మనిషిలా ప్రవర్తిస్తుంది. లేనివి కనిపిస్తాయంటుంది, నిద్ర పోదు, తర్వాత ఫిట్స్ వస్తాయి. అబ్బాయిలకూ, చిన్నపిల్లలకూ రావచ్చు. మెదడులోని ఒక గ్రాహకం మీద సొంత యాంటీబాడీలే దాడి చేయడం దీనికి కారణం. వెన్ను నీటిలో ఆ యాంటీబాడీలు దొరుకుతాయి. సరైన మందులు త్వరగా మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు. ఇలాంటి పిల్లను గాలి సోకిందని తాయెత్తుల చుట్టూ తిప్పితే ఎన్ని వారాలు పోతాయో ఆలోచించండి.

మనం అడగాల్సిన ప్రశ్నలు

భయం సహజమే. దాన్ని ప్రశ్నలుగా మార్చుకుంటే మనకూ డాక్టరుకూ మేలు.

ఈ పరీక్షతో ఏయే జబ్బులు తేలతాయి, ఫలితాన్ని బట్టి మందు మారుతుందా అని అడగండి.

ముందు స్కాన్ అవసరమా, రక్తం గడ్డకట్టే పరీక్ష చూశారా అని అడగండి. తలలో గడ్డ ఉండి ఒత్తిడి పెరిగినా, రక్తస్రావం ఆగని సమస్య ఉన్నా ఈ పరీక్షను వాయిదా వేస్తారు.

పరీక్ష ఆలస్యమైతే ఈలోగా మందులు మొదలుపెడుతున్నారా అని అడగండి.

ఎంత నీరు తీస్తారో అడగండి. పెద్దవాళ్లలో మొత్తం నీరు సుమారు 150 మిల్లీలీటర్లయితే, రోజుకు దాదాపు అర లీటరు కొత్తగా తయారవుతుంది. తీసిన ఆ కొద్ది మిల్లీలీటర్లను శరీరం తిరిగి నింపుకుంటుంది.

ఈ ప్రశ్నలకు జవాబు విన్నాక నిర్ణయం మీది. ఫోన్లో బంధువులు చెప్పేది దాని తర్వాత వినొచ్చు.

ఈ నెల ఇంట్లో పిల్లలతో

మీ అబ్బాయినో అమ్మాయినో మోకాళ్లు ముడిచి పక్కకు పడుకోమనండి. వేలితో వెన్నుపూసలను లెక్కపెట్టండి. ఒకసారి నిటారుగా, ఒకసారి ముడుచుకుని పడుకున్నప్పుడు పూసల మధ్య తేడా చేతికి తెలుస్తుంది. తర్వాత సూదిని అంత కింద ఎందుకు గుచ్చుతారో వాళ్లనే చెప్పమనండి. పెద్ద తరగతుల పిల్లలయితే, క్వింకే ఆ నీటిలో ఏమేం కొలిచారో, ఏమేం వెతికారో, ఒక్కొక్కటీ ఏం చెబుతుందో ఒక పేజీ రాసి తేవచ్చు. వచ్చే నెల తరగతి నోటీసు బోర్డులో వాటిని పెడతాం.